డిక్కీ భోజనాలు

క్రికెట్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళం అని చెబితే అది పచ్చి అబద్ధం. తినడానికి వెళ్ళేవాళ్ళం. ఆడేవాళ్ళు ఇరవై ఇద్దరైతే, తినేవాళ్ళు నలభై పైచిలుకు. హానోవర్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళంతా ఆట పేరు చెప్పుకుని శనివారం శనివారం ఆ మైదానం పక్కన గులకరాళ్ళ పార్కింగ్‌లో చేరేవాళ్ళం. కార్లన్నీ వెనక్కి తిప్పి, డిక్కీలు మైదానం వైపు పెట్టి వరసగా ఆపేవారు. డిక్కీ తలుపు పైకి లేస్తే అదే పందిరి, లోపల పెట్టెలు పెట్టుకునే చోటే వడ్డన బల్ల. ఒకదాంట్లో దుప్పటి చుట్టిన బిర్యానీ గిన్నె, ఒకదాంట్లో హాట్‌బాక్సు నిండా ఇడ్లీలు, ఇంకోదాంట్లో టీ ఫ్లాస్కులు. కుక్కల్ని తిప్పుకోవడానికి వచ్చిన జర్మన్లు కాసేపు ఆగి, ఏదో పెళ్ళి అనుకుని, తలలూపి పోయేవారు.

దీనికంతటికీ పెద్దదిక్కు వాసుదేవరావు గారు. హనుమకొండ మనిషి, యాభై నాలుగేళ్ళు. పదేళ్ళ కిందట ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిమీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన బ్యాటు పట్టగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. అంపైరింగ్ చేసేవారు, అదీ కుర్చీ వేసుకుని. డకౌట్ అయినవాడు వచ్చే శనివారం అందరికీ స్వీటు తేవాలని రూలు పెట్టింది ఆయనే. ఆ రూలు పుణ్యమా అని మా ఆయన శశికాంత్ ఆ ఒక్క సీజన్లో నాలుగుసార్లు మైసూర్‌పాక్ మోశాడు. చేసింది నేననుకోండి. వాసుదేవరావు గారి భార్య ఆండాళక్క మాత్రం ఎవరి దగ్గరా ఏమీ తినకుండా అందరికీ పెడుతూ తిరిగేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఇక్కడికి వచ్చిన ప్రతి కొత్త కుర్రాడికీ ఇల్లు వెతికిపెట్టడం, అన్మెల్డుంగ్ అని అడ్రసు నమోదు ఫారం నింపిపెట్టడం వాళ్ళకి ఆనవాయితీ. ఫారాలు ఆయన నింపేవారు, అన్నం ఈవిడ పెట్టేది.

నేను చెప్పేది కరోనా మొదటి ఏడాది సంగతి. మార్చి నుంచి మే దాకా మైదానం గేటుకి గొలుసు వేసి ఉంది. జూన్‌లో తీశారు. ఆడుకోవచ్చు, చూసేవాళ్ళు దూరం దూరంగా నిలబడవచ్చు, కానీ పదిమందికి మించి ఒకచోట గుమిగూడకూడదన్నారు. వాసుదేవరావు గారు మొదటి శనివారమే అందర్నీ నిలబెట్టి క్లాసు తీసుకున్నారు. ఎవరి కారు దగ్గర వాళ్ళే తినాలి, ఎవరి పళ్ళెం వాళ్ళదే, వడ్డిస్తే చెంచాతోనే వడ్డించాలి. ఆయనకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. శానిటైజర్ సీసా ఒకటి మెళ్ళో తాడుకి కట్టుకుని తిరిగేవారు. కుర్రాళ్ళు వెనక నవ్వుకున్నా చేతులు మాత్రం చాపేవారు.

ఇక మా అత్తగారు వెంకటరమణమ్మ గారు. రేపల్లె నుంచి ఫిబ్రవరిలో వచ్చారు, మేం కొనుక్కున్న ఫ్లాటు చూసి మే నెలకి వెళ్ళిపోదామని. విమానాలు ఆగిపోయాయి. వీసాకి పొడిగింపు ఇచ్చారు. ఆవిడ హాల్లో కిటికీ దగ్గర ఉండిపోయారు. శశి ఒక గదిలో, నేనొక గదిలో, ఇద్దరం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దస్తమానం మీటింగులు. ఆవిడ మాత్రం రోజూ పదింటికల్లా తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవరో వస్తారన్నట్టు కూర్చునేవారు. ఒకరోజు నేను కాఫీకని లేస్తే, "ఇక్కడ నా గొంతు నాకే కొత్తగా వినపడుతోందమ్మాయ్" అన్నారు. నేను కాఫీ కలుపుకున్నాను. మళ్ళీ మీటింగ్‌లోకి వెళ్ళిపోయాను.

ఆ శనివారం బలవంతాన మైదానానికి తీసుకెళ్ళాం. డిక్కీ పక్కన మడత కుర్చీలో కూర్చోబెడితే అరగంటలో ఆవిడ చుట్టూ ఆరుగురు చేరారు. శరత్ అని ఒక స్టూడెంటు, రెండు వారాలుగా బ్రెడ్డుతోనే బతుకుతున్నానని మాటవరసకి అన్నాడు. అంతే. తర్వాతి శనివారం ఆవిడ పదిహేను మందికి సరిపడా వండారు, ఆ తర్వాత ముప్ఫైకి. శుక్రవారం మధ్యాహ్నం నుంచే ఇంట్లో చింతపండు పులుసు కుతకుతలాడేది. ఆవిడకి ఆటలో ఓ ముక్క తెలియదు, వికెట్ పడినా సిక్సు కొట్టినా ఒకేలా చప్పట్లు కొట్టేవారు. కానీ ఎవడికి గోంగూర పడదో, ఎవడు రాత్రిళ్ళు డ్యూటీ చేసి తినకుండా వచ్చాడో అన్నీ తెలుసు. మా ఇంటికి మళ్ళీ మనిషి వచ్చినట్టయింది.

ఆగస్టులో ముద్దలు మొదలయ్యాయి. ఆవిడ జాడీలో తెచ్చిన ఆవకాయ, వేడన్నం, నెయ్యి పెద్ద బేసిన్లో వేసి, డిక్కీ అంచున కూర్చుని చేత్తో కలిపి, వచ్చినవాడి అరచేతిలో ముద్ద పెట్టేవారు. వాసుదేవరావు గారు చూసి కంగారు పడ్డారు. "అమ్మా, చెంచాతో కానియ్యుండ్రి. కాలం మంచిగ లేదు" అన్నారు. "చెంచాతో కలిపితే నూనె అన్నానికి పట్టదు నాయనా" అన్నారు ఈవిడ. పాపం, ఆయన మూడు వారాలు ఆగారు. తన కుర్చీ పదడుగుల దూరంలో వేసుకుని, తెచ్చుకున్న చపాతీ తింటూ అటే చూస్తూ కూర్చునేవారు. నాలుగో వారం కుర్చీ దిగి వచ్చి, మాట్లాడకుండా చెయ్యి చాపారు. ఆండాళక్క పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆ రోజు నుంచీ మొదటి ముద్ద ఆయనదే, ఆయన రాకుండా బేసిన్లో చెయ్యి పెట్టేవారు కారు అత్తయ్య. నలుగురితో నారాయణా అని రూళ్ళన్నీ అలాగే ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. జర్మనీలో కేసులు తగ్గాయన్నారు, ఎండ బాగుంది, అందరికీ అందరూ కావాలనిపించింది. అంతకన్నా నా దగ్గర సంజాయిషీ లేదు.

అక్టోబరు రెండో శనివారం ఫైనల్. అదే నెల ఇరవై నాలుగున అత్తయ్యకి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ విమానం దొరికింది. కాబట్టి మైదానంలో ఆవిడకది చివరి శనివారం. కుర్రాళ్ళు శాలువా తెప్పించారు, సన్మానం చేస్తారని గ్రూపులో ఒకటే హడావుడి.

ఆ పొద్దున ఆవిడ వంటింట్లో పులిహోర కలుపుతూ ఒళ్ళు నొప్పులుగా ఉందన్నారు. నుదుటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. మరీ కాలిపోవడం కాదు, వెచ్చన. చెయ్యి తీసి, మళ్ళీ ఒకసారి వేసి చూశాను. అది ఎందుకు చేశానో నాకు తెలుసు, మీకూ తెలుసు. "పొద్దున్నే చన్నీళ్ళు ముట్టుకున్నాను, అదే అయ్యుంటుందిలే. ఒక మాత్ర ఇవ్వు" అన్నారు. మన వాళ్ళ ఇళ్ళలో ఊరి నుంచి తెచ్చుకున్న డోలో లేని సొరుగు ఉంటుందా? ఒకటి ఇచ్చాను. అరగంటకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. ఆవిడ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చి సోఫాలో కూర్చున్నారు. శశి కిందకి గిన్నెలు మోస్తున్నాడు. వద్దని అనాలంటే అప్పుడే అనాలి. ఆ మొహం చూసి అనలేకపోయాను. తలుపు తాళం తీసి పట్టుకుని, పదండి అత్తయ్యా అన్నాను.

ఆ రోజు చలిగా ఉంది, సన్నగా చినుకులు. డిక్కీ తలుపుల కింద అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. శాలువా కప్పారు. అత్తయ్య ఏడ్చారు, కుర్రాళ్ళు ఏడ్చారు. వాసుదేవరావు గారు సన్మాన పత్రం చదివారు, అందులో "మా డిక్కీ అన్నపూర్ణ" అని రాశారు. ఆ తర్వాత మొదటి ముద్ద ఆయనకి చేతిలో కాదు, నోట్లో పెట్టారు అత్తయ్య. అందరూ ఫోటోలు తీశారు. నేనూ తీశాను.

సోమవారం అత్తయ్యకి ఇంగువ వాసన తెలియలేదు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కల్తీ సరుకని తిట్టారు. నేను డబ్బా తీసుకుని వాసన చూశాను, ఘాటుగానే ఉంది. మంగళవారం డాక్టర్ దగ్గర టెస్టుకి ఇచ్చాం. గురువారం పొద్దున పాజిటివ్ అని వచ్చింది. ఆ గంటలోనే గెజుండ్‌హైట్సామ్ట్ నుంచి, అంటే ఇక్కడి ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి ఫోన్. ఎవరో ఆడమనిషి, నిదానంగా మాట్లాడుతోంది. అత్తగారికి జర్మన్ రాదు కాబట్టి నన్నే చెప్పమంది. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి? దానికి రెండు రోజుల ముందు నుంచి ఎవరెవర్ని కలిశారు?

శశి ఎదురుగా నిలబడి ఉన్నాడు. నవంబరులో మా పర్మనెంట్ రెసిడెన్సుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ ఉంది. ఆ టెర్మిన్ కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాం. నలభై మంది గుమిగూడి తిన్నారని తెలిస్తే ఫైను వేస్తారని, ఆ ఫైను ఫైల్లోకి ఎక్కుతుందని, ఫైల్లో మచ్చ ఉంటే పీఆర్ రాదని, అత్తయ్య వీసా పొడిగింపు కూడా కొట్టేస్తారని మన వాళ్ళలో ఎవరో ఎప్పుడో అన్నారు. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. శశి నోరు తెరవలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు. ఊపింది అతనే కానీ, మాట్లాడిన నోరు నాది. లక్షణాలు మంగళవారం మొదలయ్యాయని, ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవర్నీ కలవలేదని చెప్పాను. ఆవిడ థాంక్స్ చెప్పి, జాగ్రత్తలన్నీ చదివి పెట్టేసింది.

పెట్టేశాక శశితో, వాసుదేవరావు గారికి మనమైనా ఫోన్ చేసి చెబుదాం అన్నాను.

"చెప్తే ఆయన టెస్టుకి వెళ్తారు. పాజిటివ్ వస్తే ఆఫీసు వాళ్ళు ఎక్కడ అంటుకుందని అడుగుతారు. ఆయన అబద్ధం చెప్పరు" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పరు. అది ఆయన తప్పన్నట్టు అన్నాడు, నేనూ అలాగే విన్నాను. చివరికి ఇద్దరం కూర్చుని, పది నిమిషాలు తర్జనభర్జన పడి గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాం. అమ్మకి కొంచెం నలతగా ఉంది, వాతావరణం బాగాలేదు, ఎవరికైనా జ్వరం వస్తే అశ్రద్ధ చేయకండి అని. పాము చావకుండా, కర్ర విరగకుండా. కింద ముప్ఫై దాకా దండం బొమ్మలు పడ్డాయి. వాసుదేవరావు గారు మాత్రం వాక్యం రాశారు. అమ్మకు మిరియాల కషాయం ఇవ్వండి, ఏం కాదు, నాకూ నిన్నటి నుంచి కొద్దిగా జ్వరం ఉంది, మంగళవారం ఫ్లూ టీకా వేసుకున్నాను కదా, దాని ప్రభావం అని.

ఆ మెసేజ్ నేను చదివాను. ఎన్నిసార్లు చదివానో అడక్కండి.

అత్తయ్యకి పెద్దగా ఏమీ కాలేదు. నాలుగు రోజులు దగ్గు, అంతే. గదిలోంచి తలుపు ఇవతలకి మాట్లాడేవారు. వాసుదేవరావుకి షుగరు కదమ్మాయ్, ఆయనకి కబురు చేశారా అని అడిగారు. చేశాం అత్తయ్యా అన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోదానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఆదివారం పొద్దున ఆండాళక్క ఫోన్ చేసింది. ఆయనకి ఊపిరాడటం లేదని, అంబులెన్స్ వచ్చిందని, వాళ్ళేదో అడుగుతున్నారు, నువ్వు మాట్లాడు బిడ్డా అని ఫోన్ వాళ్ళకిచ్చేసింది. అక్కకి కూరగాయల కొట్లో సరిపోయే జర్మన్ వచ్చు. ఫోన్‌లో జర్మన్ అంటే ఇరవై ఏళ్ళున్న వాళ్ళకే చెమటలు పడతాయి, ఆవిడ ఆయన తర్వాత వచ్చింది, వచ్చి నాలుగేళ్ళే. అంబులెన్స్ మనిషి జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగాడు. బుధవారం నుంచి అని చెప్పాను. మరి ఇన్ని రోజులు ఎందుకు ఆగారు, కరోనా ఉన్నవాళ్ళని కలిశారా అన్నాడు. ఆ ప్రశ్న నేను తెలుగులోకి తిప్పి అక్కని అడగాలి. అడిగాను. "లేదు బిడ్డా, టీకా జరమే అనుకున్నం. మాకెవ్వరు చెప్పలే" అంది. దాన్ని మళ్ళీ జర్మన్‌లోకి తిప్పి అతనికి చెప్పాను.

సోమవారం అక్కకి కూడా పాజిటివ్ అని తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆరోగ్య శాఖ నుంచి వాళ్ళింటికి ఫోన్ వస్తే, అక్క నన్ను కూడా కాల్‌లో కలిపింది. అటువైపు అదే ఆడమనిషి. అదే నిదానం. నేను పేరు చెప్పలేదు, దుబాసీ పని చేస్తున్నానని మాత్రం చెప్పాను. వాసుదేవరావు గారికి ఇది ఎక్కడ అంటుకుని ఉండవచ్చో అడగమంది.

ఆ ప్రశ్న అక్కకి తిప్పి చెప్పాను. పార్కింగ్ సంగతి దాస్తుందని, దాస్తే బాగుండునని అనుకున్నాను. ఇంకా అలాగే అనుకున్నాను, చూడండి నా బుద్ధి.

"అంత చెప్పు బిడ్డా. శనారం మేమందరం ఒక్కదగ్గర తిన్నమని చెప్పు. దాచిపెడితే ఎట్ల? ఇంకెవలికన్న ఉంటే ఆళ్ళన్న జల్ది దవాఖానకు పోతరు గదా" అంది.

చెప్పాను. నలభై మంది ఉన్నారని, డిక్కీల దగ్గర కలిసి తిన్నామని చెప్పాను. ఎవరెవరో పేర్లు కావాలంది. అక్క ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ చెబుతుంటే నేను పేరు వెంట పేరు అందించాను. మా మూడు పేర్లు వచ్చేసరికి అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది. ఈ పేరుతో కిందటి గురువారం ఒకరితో మాట్లాడాను, ఆ గొంతు మీదేనా అని అడిగింది. అవునన్నాను. ఎవర్నీ కలవలేదని చెప్పారు కదా అంది. దానికీ అవునన్నాను.

"ఏమంటున్నది బిడ్డా?" అంది అక్క.

"ఏం లేదక్కా. మా ఇంటి అడ్రసు అడుగుతోంది" అన్నాను.

ఆవిడ మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టింది. తర్వాతి పేరు చెప్పమంది. కోప్పడలేదు, బెదిరించలేదు. ఆ తర్వాత మాకు ఫైను రాలేదు, ఉత్తరం రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు. నవంబరు టెర్మిన్‌కి శశి వెళ్ళి సంతకం పెట్టి కార్డుకి అప్లై చేసి వచ్చాడు. ఆ ఆఫీసర్ ఇతని జర్మన్ బాగుందని మెచ్చుకున్నాడట. నిజం చెప్పినా ఇదే జరిగేదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ పేర్లు అందాక అందరికీ టెస్టులు చేశారు. ఏడుగురికి ఉందని తేలింది, అందులో శరత్ ఒకడు. ఆ వారమే వాడు ఆకెన్‌లో స్నేహితుల గదికి రైల్లో వెళ్ళి వచ్చాడని ఎవరికో గుర్తొచ్చింది. ఇంకేముంది, వాడే తెచ్చాడన్నారు. గ్రూపులో ఎవరూ పేరు పెట్టి అనలేదు కానీ అందరూ వాడినే అన్నారు. వాడు రెండు రోజులు చూసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అది చూసి కూడా నేను కుక్కిన పేనులా ఉన్నాను.

ఇక రోజూ పదకొండింటికి ఆసుపత్రికి ఫోన్ చేయడం నా పని. అక్కని లైన్లో పెట్టుకుని, వార్డుకి కలపమని, నర్సు వచ్చేదాకా ఆ సంగీతం వింటూ ఇద్దరం చెరోవైపు ఎదురుచూసేవాళ్ళం. అక్క ఆ కాసేపట్లో ఏదో ఒకటి చెప్పేది. ఆయన ఫైళ్ళు ఎక్కడ పెట్టారో తెలియడం లేదని, రాత్రి హీటర్ ఎలా తగ్గించాలో తెలియలేదని. మొదటి వారం ఆక్సిజన్. రెండో వారం నిద్రపుచ్చి గొట్టం వేశారు. డాక్టరు మాటలు నేను తిప్పేటప్పుడు కొంచెం మెత్తగా తిప్పేదాన్ని, పరిస్థితి విషమం అంటే జాగ్రత్తగా చూస్తున్నారట అక్కా అనేదాన్ని. ఆయనకి తినడానికి ఏమన్నా పంపవచ్చా అని ఒకరోజు అడగమంది. గొట్టం వేసిన మనిషికి ఏం పంపుతాం? అయినా అడిగాను. నర్సు, ఇప్పుడు వద్దు, లేచాక పంపమనండి అంది.

అక్క క్వారంటైన్ ముగిశాక ఒక్కసారి రానిచ్చారు, గౌనూ కళ్ళద్దాలూ వేసి, అద్దం ఇవతల నుంచి పావుగంట. నవంబరు తొమ్మిదిన పొద్దున, నేను ఫోన్ చేయకముందే వాళ్ళే నాకు చేశారు. దుబాసీగా నా నంబరే రాసుకున్నారట. కాబట్టి ఆ మాట ఆండాళక్కకి తెలుగులో చెప్పింది నేనే. దాన్ని మెత్తగా తిప్పడం నాకు చేతకాలేదు.

అత్తయ్యకి చెప్పాం. ఆవిడ చాలాసేపు తన చేతుల వంక చూసుకుని, నా వల్లేనా అమ్మాయ్ అన్నారు. ఎవరికి తెలుసు అత్తయ్యా, ఏడుగురికి వచ్చింది కదా అన్నాను. మనం ముందే కబురు చేశాం కదా అని తనకి తనే చెప్పుకున్నారు. నేను ఊ అన్నాను. అక్టోబరు విమానం క్వారంటైన్‌లో పోయింది, నవంబరు చివర్లో ఇంకోటి దొరికితే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అక్క దగ్గరికి తీసుకెళ్ళమని అడిగారు, రూల్సు ఒప్పుకోవని చెప్పి తప్పించాను.

జనవరిలో ఆండాళక్క ప్రయాణం. అస్థికలు తీసుకెళ్ళడానికి కాగితాలు కావాలి. ఆ ఫోన్లన్నీ కూడా నేనే చేశాను. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా దింపుతానని నేనే అన్నాను, శశి వస్తానంటే వద్దన్నాను. అస్థికల సంచి అక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వెనక సీట్లో పెడదామంటే వినలేదు. మంచు పడుతోంది, లారీల వెనక నెమ్మదిగా పోతున్నాం. కాసెల్ దాటాక అక్క నా వైపు తిరిగి, నాకు సొంత చెల్లెలుంటే ఇంత చేస్తుండెనో లేదో అంది. ఇన్ని నెలల్లో నువ్వొక్కపూట విసుక్కోలేదంది. నీ పేరు చెప్పుకుని మా అన్నదమ్ములు రోజూ దండం పెడుతున్నారంది.

విశ్రాంతి స్థలం బోర్డు కనిపిస్తే కారు పక్కకి తీసి ఆపాను. అక్కా, మీకొకటి చెప్పాలి అన్నాను. నుదుటి మీద చెయ్యి వేసిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. డోలో మాత్ర, గురువారం ఫోన్, శశి తల ఊపడం, నేను చెప్పిన మంగళవారం, గ్రూపులో పెట్టిన మెసేజ్, ఆయన కషాయం మాట. ఆ ఆఫీసు ఆవిడ నా గొంతు గుర్తుపట్టిన సంగతి. శరత్ సంగతి. ఒక్కటీ మిగల్చలేదు. చెబుతుంటే నాకు ఏడుపు వచ్చింది, అది కూడా ఆపుకోలేదు.

అద్దం తుడిచే బ్లేళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అక్క సంచి ఒళ్ళో సర్దుకుని, ఆలస్యమైతుంది, పోనియ్యి అంది. రెండు గంటలు డ్రైవ్ చేశాను. ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. కారు దిగి వెళ్ళిపోయినా బాగుండేది.

టెర్మినల్ ముందు ఆపి, పెట్టెలు ట్రాలీలో పెట్టాను. అక్క కాగితాల కవరు ఒకసారి తెరిచి చూసుకుని మూసింది. అప్పుడు నా మొహం వంక చూసింది.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అంది. గొంతులో కోపం లేదు. "ఈ దేశంల నాకంటు ఒక మనిషున్నదనుకుంట పోతుంటి గదా."

నేను సంచి అందుకోబోతే వద్దని, తనే భుజానికి తగిలించుకుంది. ఆ రోజుల్లో ప్రయాణికులు తప్ప ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. తలుపు దగ్గర గార్డు ఏదో అడిగాడు. అక్కకి అర్థం కాలేదు. అలవాటుగా నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. కవరు మొత్తం అతని చేతిలో పెట్టి, అతను చూసేదాకా నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది.